ఉల్లి వేరు కొనలో కనిపించని దశ: డిగ్రీ మొదటి సంవత్సరం జీవశాస్త్ర ల్యాబ్ నుంచి ఒక కేస్ స్టడీ

గత ఏడాది సెప్టెంబరులో మొదటి సంవత్సరం విద్యార్థుల రికార్డులు 24 నా బల్ల మీదకు వచ్చాయి. ఉల్లి వేరు కొనలో సమవిభజన, అంటే ఒక కణం ఒకేలాంటి రెండు కణాలుగా విడిపోవడం, చూసే ప్రయోగం జరిగిన వారం అది. ప్రతి రికార్డులోనూ నాలుగు దశలు నాలుగు వృత్తాల్లో ఒకే వరుసలో ఉన్నాయి. మూడో దశ అయిన అనాఫేజ్ బొమ్మ ప్రతిదానిలోనూ క్రోమోజోములు దువ్వెన పళ్లలా సమానంగా రెండు కొసలకూ విడిపోతున్నాయి. ఆ రోజు ల్యాబ్‌లో ఒక్కొక్క మైక్రోస్కోప్ దగ్గరకూ వెళ్లి నేనే కన్ను పెట్టి చూశాను కాబట్టి నాకు తెలుసు, అనాఫేజ్ ఉన్న స్లైడ్ ఆ 24 మందిలో ఒక్కరిది కూడా లేదు.

నేను నెల్లూరు జిల్లాలోని ఒక డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రం చెబుతాను. ఈ కేసు ఆ 24 మందిలో ఒక విద్యార్థినిది. ఆమె పేరు రాయడం లేదు. అల్లూరు మండలంలో సముద్రానికి దగ్గరగా, ఉప్పు మడుల పక్కన పెరిగిన అమ్మాయి అని మాత్రం చెప్పాలి, ఎందుకంటే ఆ సంగతితో ముందు ముందు పని ఉంది. పదో తరగతి వరకు తెలుగు మీడియం, ఇంటర్‌లో బైపీసీ, ఒక ఏడాది నీట్ లాంగ్ టర్మ్, ఆ తర్వాత మా కళాశాల. ఆమె ఒక్కతే తప్పు చేసిందని ఆమె గురించి రాయడం లేదు. అందరూ చేసిన పనిని దాచకుండా చెప్పిన మొదటి విద్యార్థిని ఆమె. డిగ్రీలో జీవశాస్త్రం చదవబోయే పిల్లలకూ, వారిని చేర్పించే తల్లిదండ్రులకూ, నాలాగా ల్యాబ్ నడిపేవారికీ అక్కడ ఏమి ఎదురవుతుందో ఈ ఒక్క కేసు చూస్తే చాలావరకు తెలుస్తుందని నా నమ్మకం.

ఆ రోజు ఆమెను పిలిచి, “ఏమ్మా, ఈ బొమ్మ నీ స్లైడ్‌లోదేనా?” అని అడిగాను.

“కాదు మేడమ్. నా స్లైడ్‌లో పొడుగు పొడుగు కణాలే ఉండాయి. ఇవేవీ కనపళ్ళా. బొమ్మ లేకపోతే మీరు సంతకం పెట్టరని పుస్తకం చూసి వేసినాను,” అంది.

ఈ జవాబులో రెండు సమస్యలు ఉన్నాయి. పొడుగు కణాలు మాత్రమే ఎందుకు కనిపించాయన్నది మొదటిది. అది ప్రయోగం చేసిన పద్ధతికి సంబంధించింది, దానికి మందు ఉంది. బొమ్మ లేకపోతే సంతకం రాదన్న భయం రెండోది. దానికి కారణం ఆమె కాదు, నేను. ఎన్నో ఏళ్లుగా అటువంటి బొమ్మల కింద నేను సంతకం పెడుతూ వచ్చాను.

వాళ్లు ఏమి తీసుకుని వస్తారు

ఇంటర్‌లో మన పిల్లలు వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం తక్కువేమీ చదవలేదు. కణాంగాల పేర్లు, క్రెబ్స్ వలయంలో మెట్లు, మెండెల్ నిష్పత్తులు, మానవ హృదయంలో కవాటాలు వాళ్లకు నోటికి వచ్చు. నీట్ కోసం ఒక ఏడాది అదనంగా కూర్చున్నవారికి మరీ బాగా వచ్చు. అందువల్ల మొదటి నెల పాఠాల్లో చాలామందికి “ఇది మాకు తెలిసిందే” అనిపిస్తుంది. ఆ ధీమా మొదటి ఇంటర్నల్ పరీక్షతో పోతుంది. కారణం సిలబస్ కష్టం కావడం కాదు. నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తుపట్టడానికి అలవాటుపడిన మనసును ఇక్కడ “ఇది ఎలా తెలిసింది?” అని అడుగుతారు. కణానికి కేంద్రకం ఉంటుందని పదేళ్ల పిల్లవాడు కూడా చెబుతాడు. రాబర్ట్ హుక్ 1665లో బెరడు ముక్కలో గదులను చూసి వాటికి ‘సెల్’ అని పేరు పెట్టిన తర్వాత, రాబర్ట్ బ్రౌన్ 1831లో ఆర్కిడ్ కణాల్లో కేంద్రకాన్ని గుర్తించి చెప్పేదాకా 166 ఏళ్లు ఎందుకు పట్టిందో చెప్పాలంటే కటకాల గురించీ, చచ్చిన బెరడు కణానికీ బతికిన ఆకు కణానికీ ఉన్న తేడా గురించీ ఆలోచించాలి. పాఠం మారలేదు, ప్రశ్న మారింది.

మా దగ్గర వారానికి మూడు గంటల పాఠం, రెండు గంటల ల్యాబ్. కాగితం మీద ల్యాబ్ రెండు గంటలే కానీ నిజానికి అది వారమంతా పాకే పని. ఉల్లిగడ్డ మొదలు నీళ్లకు తగిలేలా సీసా మూతి మీద నిలబెట్టి మూడు నాలుగు రోజులు చూడాలి. వేర్లు ఒకటి రెండు సెంటీమీటర్లు దిగాక ఉదయం ఎనిమిది, పది మధ్య కోయాలి. మూడు వంతుల ఆల్కహాల్, ఒక వంతు గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లం కలిపిన, కణాలను ఉన్నవి ఉన్నట్టు ఆపేసే కార్నాయ్ ద్రవంలో ఒక రోజు ఉంచి, ఆ తర్వాత 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చాలి. దూరపు ఊళ్ల నుంచి బస్సుల్లో వచ్చే పిల్లలకు ఉదయం ఎనిమిదికి ల్యాబ్‌లో ఉండడం మాటలు కాదు, కాబట్టి ఆ కోత పని చాలాసార్లు నేనూ మా అటెండరూ చేసి పెట్టేవాళ్లం. ఈ సౌకర్యమే మొదటి సమస్యకు మూలమని తర్వాత తెలిసింది.

కప్పను కోయాలా అని తల్లిదండ్రులు అడుగుతూ ఉంటారు. కోయనక్కరలేదు; ల్యాబుల్లో జంతువుల కోతలను తగ్గిస్తూ వచ్చి ఆపివేయాలని యూజీసీ నిర్దేశించింది, ఇప్పుడు వాటి స్థానంలో నమూనాలు, చార్టులు, కంప్యూటర్ బొమ్మలు ఉన్నాయి.

మైక్రోస్కోప్ దగ్గర మొదటి రెండు వారాలు

అసలు కేసులోకి వెళ్లే ముందు మొదటి రెండు ల్యాబుల గురించి చెప్పాలి, ఎందుకంటే కన్ను అక్కడే తయారవుతుంది, లేదా పాడవుతుంది. మా ల్యాబ్‌లో పనిచేసే మైక్రోస్కోపులు ఎనిమిది, ముగ్గురికి ఒకటి. మొదటి రోజు దినపత్రిక నుంచి చిన్న తెలుగు అక్షరం ఒకటి కత్తిరించి స్లైడ్ మీద పెట్టమంటాను. అక్షరం తలకిందులుగా, కుడి ఎడమలు మారి కనిపిస్తుంది. స్లైడ్‌ను కుడికి జరిపితే బొమ్మ ఎడమకు పోతుంది. అయిదు నిమిషాల పని ఇది. ఇది చేయకుండా కణాల మీదకు వెళ్లినవాళ్లు ఆ తర్వాత నెల రోజులపాటు కణాన్ని వెతుక్కుంటూ దాన్ని దృష్టి క్షేత్రం నుంచి తోసేస్తూ ఉంటారు.

రెండో పని పారదర్శకమైన స్కేలును పెట్టి ఎంత వెడల్పు కనిపిస్తుందో కొలవడం. మా పరికరాల్లో 10 రెట్ల కంటి కటకం, 10 రెట్ల వస్తు కటకం కలిస్తే దాదాపు 1.8 మిల్లీమీటర్ల వెడల్పు కనిపిస్తుంది. ఉల్లి పొర కణాలు ఆ వెడల్పులో కొసాకొసా ఆరు పడితే ఒక్కొక్కటి సుమారు 0.3 మిల్లీమీటర్ల పొడవని విద్యార్థే లెక్క కడతాడు. ఈ లెక్క వచ్చిన తర్వాత బొమ్మకు పరిమాణం ఉంటుందన్న స్పృహ వస్తుంది. బొమ్మ హెచ్‌బీ పెన్సిల్‌తో, ఒకే గీతతో, షేడింగ్ లేకుండా, ఎన్ని రెట్లు పెంచి చూశారో కింద రాసి వేయాలి. అందంగా గీయడం రానివారు దీనికి భయపడనక్కరలేదు. నిజానికి చిత్రలేఖనంలో చేయి తిరిగినవారే ఇక్కడ ఎక్కువ పొరబడతారు, వాళ్ల చేయి కన్ను కంటే ముందు పోతుంది.

మన కేసులోని అమ్మాయి మొదటి వారం ఉల్లి పొరకు బదులు గాలి బుడగను గీసింది. నల్లటి దళసరి అంచుతో నున్నగా, గుండ్రంగా, మధ్యలో మెరుస్తూ ఉండేది కణం కాదు, పైన మూసే పలచటి గాజు పలకను, అంటే కవర్ స్లిప్‌ను, ఒక్కసారిగా పడేస్తే కింద చిక్కిన గాలి. ఆ పొరపాటును ఏటా సగం తరగతి చేస్తుంది. నేను దానికి సంతోషిస్తాను, ఎందుకంటే బుడగను గీసినవాళ్లు కనీసం తాము చూసినదాన్ని గీశారు. ఈ అమ్మాయి కూడా మొదటి వారం చూసిందే గీసింది. నేను ఎర్ర ఇంకుతో కొట్టేసి, పక్కన “తప్పు” అని రాసి, మళ్లీ వేసుకు రమ్మన్నాను. మూడో వారానికల్లా ఆమె పుస్తకం చూసి గీయడం మొదలుపెట్టింది. ఆ ఎర్ర గీత ఇప్పటికీ ఆమె రికార్డులో ఉంది; ఈ కేసులో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

పొడుగు కణాల సంగతి

ఆమె స్లైడ్ ఇంకా ఎండిపోలేదు. ఇద్దరం కలిసి చూశాం. ఆమె చెప్పింది నిజమే: ఇటుకల్లా పొడవుగా సాగిన కణాలు, వాటిలో చిన్న కేంద్రకాలు, విభజన జాడ ఎక్కడా లేదు. వేరు కొనలో విభజన జరిగేది చివర ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర మాత్రమే. అక్కడి కణాలు చిన్నవి, చదరంగా ఉంటాయి, కేంద్రకం కణాన్ని దాదాపు నింపేస్తుంది. దానికి పైన కణాలు విభజన మాని పొడవు సాగడం మొదలుపెడతాయి. ఆమె స్లైడ్‌లో ఉన్నవి ఆ పైభాగపు కణాలు.

ఎలా వచ్చాయి? నేను ముందుగా కోసి సీసాలో ఉంచిన వేరు ముక్కలకు రెండు కొసలు ఉంటాయి. ఒకటి మొక్క పెంచిన కొస, రెండోది మా బ్లేడు కోసిన కొస. కార్నాయ్ ద్రవంలో ఒక రోజు ఉన్న తర్వాత ముక్క మొత్తం తెల్లగా పాలిపోతుంది, వేరును ఉల్లిగడ్డ మీద ఉండగా చూడనివారికి రెండు కొసలూ ఒకేలా కనిపిస్తాయి. ఆమె కోసిన కొస దగ్గరి ముక్కను తీసుకుని అసలు కొనను పారేసింది. ఆమెనే కాదు, చెత్త గిన్నెలో పడి ఉన్న ముక్కలను చూస్తే 24 మందిలో సగానికి పైగా అదే పని చేసినట్టు తేలింది. మిగిలినవారిలో కొందరు కేంద్రకాలకు రంగు పట్టించే ఎసిటోకార్మిన్‌ను స్పిరిట్ దీపం మీద వేడి చేసేటప్పుడు మరిగించారు. కొందరు కవర్ స్లిప్ మీద బొటనవేలితో నొక్కేటప్పుడు పక్కకు జరిపి కణాలను నలిపేశారు. పైన ఫ్యాన్ తిరుగుతుంటే నెల్లూరు ఎండకు స్లైడ్ మీది 45 శాతం ఎసిటిక్ ఆమ్లపు చుక్క నిమిషాల్లో ఆరిపోతుంది. ఆ సంగతి ప్రయోగ పద్ధతి రాసిన ఏ కాగితంలోనూ ఉండదు. ఆ రోజు నుంచి స్లైడ్ తయారు చేసే అరగంటా ఫ్యాన్లు ఆపిస్తున్నాను, చెమట పోసినా సరే.

మరుసటి వారం విద్యార్థులే కోశారు. ఉదయం ఏడున్నరకు 19 మంది వచ్చారు. ఉల్లిగడ్డ నుంచి వేరు దిగిన తీరు చూసి, సన్నగా, కొద్దిగా పసుపు పచ్చగా ఉన్న కొనను పట్టకారుతో పట్టుకుని కోసినవారికి రెండు కొసల తేడా మళ్లీ చెప్పనక్కరలేకపోయింది. రంగు వేసేటప్పుడు కూడా ఒక గుర్తు ఉంది: తొమ్మిది చుక్కల ఎసిటోకార్మిన్‌కు ఒక చుక్క పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి గోరువెచ్చగా కాచి పది నిమిషాలు ఉంచితే, అసలు కొన ముదురు ఎరుపుకు తిరుగుతుంది, మిగిలిన వేరు లేతగానే ఉంటుంది. కేంద్రకాలు దట్టంగా ఉన్నచోటే రంగు దట్టంగా పడుతుంది కాబట్టి ఆ ముదురు భాగాన్ని మాత్రం ఉంచుకుని మిగతాది పారేయాలి.

200 కణాల లెక్క

ఈసారి పుస్తకాలు, సెల్‌ఫోన్లు బల్ల మీద లేవు. బొమ్మ కంటే ముందు లెక్క అడిగాను. 45 రెట్ల కటకం కింద ఒక దృష్టి క్షేత్రం తీసుకుని, అందులో ఉన్న ప్రతి కణాన్నీ వరుసగా, పొలంలో కయ్య వెంట కయ్య నాటుకుంటూ పోయినట్టు లెక్కపెట్టి, ఏ దశలో ఉందో గీత పెట్టాలి. ఏ దశో తేలని కణాన్ని కూడా వదలకుండా ‘తెలియలేదు’ అని విడిగా రాయాలి. దశ తేలినవి 200 అయ్యేదాకా ఆపకూడదు.

ఆ అమ్మాయి లెక్క ఇలా వచ్చింది: ఇంటర్‌ఫేజ్ (ఇంకా విభజన మొదలుకానివి) 179, ప్రొఫేజ్ 14, మెటాఫేజ్ 4, అనాఫేజ్ 1, టీలోఫేజ్ 2. ఏ దశో తెలియనివి 11. ఆ ఒక్క అనాఫేజ్ కూడా పుస్తకంలో ఉన్నట్టు నిలువుగా లేదు. ఏటవాలుగా ఉంది, ఒకవైపు క్రోమోజోములు ఒకదాని మీద ఒకటి పడి ముద్దగా ఉన్నాయి. ఆమె దాన్ని అలాగే గీసింది. “ఇది అనాఫేజేనా మేడమ్, లేక నేనే అట్లా అనుకుంటున్నానా?” అని అడిగింది. నా మొత్తం ఉద్యోగ జీవితంలో మొదటి సంవత్సరం విద్యార్థి దగ్గర నేను విన్న మంచి ప్రశ్నల్లో ఇది ఒకటి. ఆమె చదువుకున్న తెలుగు పుస్తకాల్లో అనాఫేజ్‌కు ‘చలన దశ’ అని పేరు. రెండు గుంపులు ఒకదానికొకటి దూరంగా కదులుతున్నాయా, వాటి మధ్య ఖాళీ ఉందా అని ఆ పేరు పట్టుకుని చూడమన్నాను. ఉంది. ఇంగ్లీషులో పరీక్ష రాయాలి కాబట్టి తెలుగు పదాలు మరిచిపొమ్మని పిల్లలకు చెప్పేవారిని చూశాను, అది మంచి సలహా కాదు. ప్రథమ దశ, మధ్యస్థ దశ, చలన దశ, అంత్య దశ అన్న పేర్లలో కంటికి పనికొచ్చే సూచన ఉంది.

తర్వాత ఆ లెక్కతోనే ఇంకో పని చేయించాను. ఒక కణచక్రానికి పట్టే కాలం ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. లెక్కకు అనువుగా ఒక రోజు, అంటే 1,440 నిమిషాలు అనుకుందాం. 200 కణాల్లో 14 ప్రొఫేజ్‌లో ఉంటే, ఒక కణం ఆ దశలో గడిపే కాలం 1,440లో 200కు 14 వంతు, అంటే సుమారు 101 నిమిషాలు. మెటాఫేజ్ 29 నిమిషాలు. అనాఫేజ్ 7 నిమిషాలు. ఉదయం కోసిన క్షణంలో ఆగిపోయిన కణాలు, ఏవీ కదలవు. వాటిని ఊరికే లెక్కపెట్టి కాలాన్ని చెప్పగలిగాం. ల్యాబ్ ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. అనాఫేజ్ ఎందుకు కనిపించలేదో అప్పుడు అర్థమైంది: అది త్వరగా అయిపోతుంది, కాబట్టి ఏ క్షణంలో చూసినా ఆ దశలో ఉన్న కణాలు కొన్నే ఉంటాయి. కనిపించకపోవడం కూడా ఒక ఫలితం.

ఒక్క కణం మీద ఆధారపడి 7 నిమిషాలని చెప్పడం బలహీనమైన మాటని వెనక బెంచీ విద్యార్థి ఒకరు అభ్యంతరం చెప్పారు, సరిగ్గానే చెప్పారు. సరైన స్లైడ్లు వచ్చిన 18 మంది లెక్కలు కలిపితే 3,600 కణాల్లో 31 అనాఫేజ్‌లు ఉన్నాయి. అప్పుడు కాలం 12 నిమిషాల పైచిలుకు అయింది. ఒక్కరి లెక్కకూ అందరి లెక్కకూ అంత తేడా ఎందుకు వస్తుందన్న దాని మీద ఆ తర్వాతి పాఠం నడిచింది. అది నేను ముందుగా అనుకున్న పాఠం కాదు. ఇంకో లోపం నేనే చెప్పాను: విభజనలు ఎక్కువున్న చోటును వెతుక్కుని అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టడం మనిషి స్వభావం, ఆ మొగ్గు మా లెక్కల్లో కొంత ఉండే ఉంటుంది.

చూసినదాన్ని కాక ఉండాలనుకున్నదాన్ని చూడడం మొదటి సంవత్సరం పిల్లలకే పరిమితమైన బలహీనత కాదని వాళ్లకు తెలియాలని మానవ క్రోమోజోముల సంగతి చెప్పాను. 1923లో థియోఫిలస్ పెయింటర్ మనిషి కణంలో 48 క్రోమోజోములని తేల్చారు. ముప్పై ఏళ్లకు పైగా పుస్తకాలన్నీ 48 అనే రాశాయి, ఆ తర్వాత చూసినవారిలోనూ చాలామంది 48 అనే లెక్కపెట్టారు. 1956లో స్వీడన్‌లోని లుండ్ నుంచి జో హిన్ ట్జియో, ఆల్బర్ట్ లెవాన్ 46 అని ప్రకటించారు. కణాలను ఉబ్బించి, కవర్ స్లిప్ కింద నొక్కి, క్రోమోజోములు ఒకదాని మీద ఒకటి పడకుండా పరచగలగడం వల్ల వారికి అది సాధ్యమైంది. మా విద్యార్థులు బొటనవేలితో నొక్కినది కూడా ఆ స్క్వాష్ పద్ధతే.

ఉప్పు మడుల నీళ్లు

అక్టోబరులో ద్రవాభిసరణ, అంటే పలచటి ద్రావణం వైపు నుంచి చిక్కటి ద్రావణం వైపు కణపు పొర గుండా నీరు పోవడం, చూసే ప్రయోగం వచ్చింది. రియో అనే మొక్క ఆకు అడుగు వైపు ఊదారంగు పొరను బ్లేడుతో ఒలిచి, గాఢత తెలిసిన ద్రావణంలో పెట్టి, ఊదారంగు రిక్తిక (కణం లోపలి రసపు సంచి) కణకవచం నుంచి లోపలికి ముడుచుకోవడాన్ని చూడడం. మేము మామూలుగా చక్కెర ద్రావణంతో చేయిస్తాం. ఈ అమ్మాయి ముందు రోజు వచ్చి, “మా నాయన మడుల్లో నీళ్లకి డిగ్రీ చూస్తాడు మేడమ్, ఆ నీళ్లు తెస్తే పనికొస్తాయా?” అని అడిగింది.

ఉప్పు మడుల్లో పనిచేసేవారు బోమే హైడ్రోమీటరుతో నీటి గాఢతను కొలుస్తారు. సముద్రపు నీరు మూడు డిగ్రీల పైచిలుకు ఉంటుంది. ఎండకు చిక్కబడుతూ 25 డిగ్రీల దగ్గరకు వచ్చేసరికి ఉప్పు గడ్డకట్టడం మొదలవుతుంది. ఇంకా చిక్కబడి 29, 30 దాకా పోనిస్తే మెగ్నీషియం లవణాల చేదు కలుస్తుంది కాబట్టి ఆ లోపలే మిగిలిన నీటిని వదిలేస్తారు. ఇదంతా ఆమె నాకు చెప్పింది, నేను ఆమెకు కాదు. రెండు సీసాలు తెచ్చింది: కాలువ నీరు మూడు డిగ్రీలది, మడి నీరు 25 డిగ్రీలది.

కాలువ నీటిని అలాగే ఒకటి, సమానంగా మంచినీరు కలిపినది ఒకటి, నాలుగో వంతుకు పలచన చేసినది ఒకటి, ఎనిమిదో వంతుకు చేసినది ఒకటి సిద్ధం చేసుకుంది. పలచన చేయని నీటిలో రెండు మూడు నిమిషాల్లోనే దాదాపు అన్ని కణాల్లోనూ ఊదారంగు గుండ్రటి ముద్దగా ముడుచుకుంది. సగానికి పలచన చేసిన నీటిలో ఎక్కువ కణాల్లో, నాలుగో వంతు నీటిలో అక్కడక్కడ మూలల్లో మాత్రమే, ఎనిమిదో వంతులో ఏ మార్పూ లేదు. ముడుచుకున్న కణాల మీదకు ఒక పక్క మంచినీటి చుక్క వేసి, రెండో పక్క నుంచి బ్లాటింగ్ కాగితంతో లాగితే ఊదారంగు మెల్లగా మళ్లీ గోడల దాకా పరుచుకుంది. మడి నీటిలో పెట్టిన పొర మాత్రం మంచినీళ్లు పోసినా కోలుకోలేదు, రంగు బయటకు కారిపోయింది. రికార్డులో ఆమె రాసిన వాక్యం ఇది: “25 డిగ్రీల నీటిలో కణాలు ముడుచుకోవడమే కాదు, చచ్చిపోయినట్టున్నాయి, ఎందుకంటే రంగును లోపల పట్టి ఉంచే పొర పనిచేయడం లేదు.” పొర తనకు కావలసినదాన్ని పట్టి ఉంచుతుందన్నది ఇంటర్‌లో ఆమె కంఠస్థం చేసిన వాక్యమే, ఈసారి అది తన ప్రయోగం నుంచి వచ్చింది. ఆవకాయలో ఊట ఎందుకు దిగుతుందో, ఉప్పెక్కిన కయ్యలో నీళ్లుండగానే నారు ఎందుకు వాడిపోతుందో ఆ రోజు తరగతిలో నేను చెప్పలేదు, వాళ్లే చెప్పుకున్నారు.

మార్చినవి, మారనివి

ఈ రెండు ప్రయోగాల తర్వాత మా ల్యాబ్‌లో రికార్డు పద్ధతి మార్చాను. ఫెయిర్ రికార్డు మీద కాక, ల్యాబ్‌లోనే స్లైడ్ పక్కన పెట్టుకుని గీసిన రఫ్ షీట్ మీద సంతకం పెడతాను. ‘కనిపించలేదు’ అని రాసి, ఎందుకు కనిపించలేదో కారణం ఊహించి రాస్తే పూర్తి మార్కులు ఇస్తాను. దీనికి ఒక సహోద్యోగి అభ్యంతరం చెప్పారు: పరీక్షకు బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ నాలుగు దశల బొమ్మలు లేవని మార్కులు కోస్తే విద్యార్థి నష్టపోతుంది కదా అని. అది కొట్టిపారేయదగిన మాట కాదు, పిల్లల మార్కులతో నా నమ్మకాలను పరీక్షించే హక్కు నాకు లేదు. అందుకని కుడి పేజీలో ‘నేను చూసినది’, ఎడమ పేజీలో ‘పుస్తకంలో ఉన్నది’ అని శీర్షికలు పెట్టి రెండూ వేయిస్తున్నాం. పుస్తకం చూసి గీయడంలో తప్పు లేదు, దాన్ని తాను చూసినదని చెప్పడంలోనే ఉంది.

రెండు గంటల్లో 24 మంది రఫ్ షీట్లను స్లైడ్లతో సరిపోల్చడం ఒక్క మనిషికి సాధ్యం కాదు. వారానికి ఆరుగురివి మాత్రం నిజంగా సరిచూస్తున్నాను, ఎవరివో ముందుగా చెప్పను. అయినా కొందరు సెమిస్టరు చివరిదాకా పక్కవారి లెక్కలు ఎక్కించుకుంటూనే ఉన్నారు. ఇద్దరి ‘తెలియలేదు’ సంఖ్య కూడా ఒకటే కావడంతో అది బయటపడింది.

మన విద్యార్థినికి మొదటి ఇంటర్నల్ ప్రాక్టికల్‌లో 20కి 9 వచ్చాయి. స్పాటర్‌గా, అంటే చూసి గుర్తుపట్టి పేరు రాయడానికి, పెట్టిన వేరు కొన స్లైడ్‌లో సూచిక ఇంటర్‌ఫేజ్ కణం మీద ఉండగా ప్రొఫేజ్ అని రాసింది. పుస్తకపు బొమ్మలు మాత్రమే చూసినవారికి విభజన చెందని కణం ఎలా ఉంటుందో తెలియదు, ఎందుకంటే దాన్ని ఎవరూ పెద్దగా గీయరు. రెండోసారి 16 వచ్చాయి. రాత పరీక్షల మార్కులు పెద్దగా మారలేదని కూడా ఇక్కడే చెప్పాలి. వైవాలో ఎగ్జామినర్ ఆమె రికార్డు తిరగేసి, అనాఫేజ్ బొమ్మ ఇలా వంకరగా ఎందుకుందని అడిగారు. “స్లైడ్‌లో అట్లానే ఉండింది సార్, 200 కణాల్లో ఒక్కటే దొరికింది,” అని చెప్పి, ఎడమ పేజీ తిప్పి పుస్తకంలో ఉన్న బొమ్మ చూపించింది. ఆయన 200 ఎలా లెక్కపెట్టావని అడిగారు. ఇద్దరూ దాని గురించి పది నిమిషాలు మాట్లాడుకున్నారు, వెనక వరుసలో మిగిలినవాళ్లు ఎదురుచూశారు.

వేర్లు ఉదయమే ఎందుకు కోయాలన్న ప్రశ్న ఆమెకు మిగిలిపోయింది. అప్పుడు విభజనలు ఎక్కువగా దొరుకుతాయని అందరూ చెప్పే జవాబే నేనూ చెప్పాను. నేను ఎప్పుడైనా లెక్కపెట్టి చూశానా అని అడిగింది. చూడలేదు. సంక్రాంతి సెలవుల్లో ఇంట్లో ఉల్లిగడ్డలు నిలబెట్టి, నేనిచ్చిన కార్నాయ్ ద్రవంలో ఉదయం ఆరింటికి, పన్నెండింటికి, సాయంత్రం ఆరింటికి, రాత్రి పన్నెండింటికి కోసిన కొనలను నాలుగు సీసాల్లో తెచ్చింది. ఒక్కొక్క సీసా మీద వేళ, తేదీ, ఆనాటి గది ఉష్ణోగ్రత తన చేత్తో రాసి అంటించింది. అవి 70 శాతం ఆల్కహాల్‌లో మా అలమరలో ఉన్నాయి. ఏ సీసా ఏ వేళదో లెక్కపెట్టేవారికి తెలియకూడదని, చీటీల మీద నేను కాగితం అతికించి అంకెలు వేశాను; ఈ నెలాఖరు శనివారం ఆమె మొదటి సీసా తెరుస్తుంది.